బండి షెడ్‌లున్నది సార్

విశ్వవిద్యాలయంలో డ్రైవరుగా చేరినప్పుడు నా చేతికి ఇచ్చింది డీజిలు జీపు. దిగిపోయేటప్పుడు నా చేతిలోంచి తీసుకున్నది చిన్న ఎలక్ట్రిక్ కారు తాళం. ఈ రెంటి మధ్యా ఎన్ని బండ్లు మారాయో, ఎవరెవరిని ఎక్కడెక్కడ దించానో రాస్తే మీరు చదవరు, చదవక్కర్లేదు కూడా. డ్రైవరు ఉద్యోగంలో నడిపేది తక్కువ, కూర్చునేది ఎక్కువ. మీటింగు అయ్యేదాకా, రైలు వచ్చేదాకా, పెద్దవాళ్ల భోజనాలు అయ్యేదాకా కూర్చుంటాం. ఎలక్ట్రిక్ బండి వచ్చాక ఛార్జింగ్ అయ్యేదాకా కూర్చోవడం ఒకటి తోడైంది. ఇప్పుడు రాస్తున్నది ఆ కూర్చోవడం గురించే. మీలో చాలామందికి ఇలాంటి బండ్లున్నాయి, ఫోను మీద వేలు పెడితే మీ పనులు అయిపోతున్నాయి. అందుకే మీకు చెప్పాలనిపించింది.

మా రవాణా విభాగానికి అప్పట్లో ఒక అధికారి ఉండేవారు. అందరం పెద్దసారు అనేవాళ్లం. గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి హబ్సిగూడలో స్థిరపడిన మనిషి. ఇన్నేళ్లున్నా ఇక్కడి యాస ఆయన నోటికి అంటలేదు. కోపం ముక్కు మీదే ఉండేది. చొక్కా గుండీ ఊడినా, బండి అద్దం మీద మరక ఉన్నా నిలబెట్టి కడిగేసేవారు. చేతి కింద అన్ని బండ్లు పెట్టుకుని తాను మాత్రం తార్నాక దాకా నడిచి, మెట్రో ఎక్కి ఇంటికి పోయేవారు. ఒకసారి జోరు వానలో నేను దించుతానంటే, "ఇది యూనివర్సిటీ బండయ్యా, మా తాత ఇచ్చింది కాదు" అని గొడుగు విప్పుకుని వెళ్లిపోయారు. ఆయన మీద మాకు చిరాకు ఉండేది, భయం ఉండేది, వాటితో పాటే ఇష్టమూ ఉండేది.

రిటైరయ్యే ముందు ఆయన పట్టుబట్టి రెండు చిన్న ఎలక్ట్రిక్ కార్లు తెప్పించారు. పై ఆఫీసులో ఎవరికీ ఇష్టం లేదు. డీజిలు ఖర్చు తగ్గుతుందని, క్యాంపస్‌లో పొగ తగ్గుతుందని ఒక్కో గదికీ తిరిగి చెప్పుకున్నారు. తీరా బండ్లు వచ్చాక నవ్వని వాళ్లు లేరు. ప్రొఫెసర్లు ఎక్కితే మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయనేవారు. షెడ్డులో మావాళ్లు వాటికి అగ్గిపెట్టెలని పేరు పెట్టారు. సారు మా ఇద్దరు డ్రైవర్లనూ పిలిచి, "ఇవి మూలపడ్డ రోజున నా పేరు చెప్పుకుని నవ్వుతారు. కాస్త చూసుకోండయ్యా" అన్నారు. ఆయన నోట బతిమాలినట్టున్న మాట నేను విన్నది అదే మొదలు.

ఇద్దరమంటే ఒకణ్ణి నేను, ఇంకొకరు వారాసిగూడ నుంచి వచ్చే డ్రైవరు. నాకంటే బాగా చిన్నవాడు. నన్ను అన్నా అనేవాడు, నేను తమ్ముడూ అనేవాణ్ణి. ఇక్కడా తమ్ముడనే రాస్తాను.

బండ్లయితే వచ్చాయి గానీ వాటి మేత క్యాంపస్‌లో దొరకలేదు. షెడ్డు వైరింగు పాతది. రెండు బండ్లూ కలిపి ప్లగ్గులో పెడితే షెడ్డంతా చీకటయ్యేది. క్యాంపస్‌లో ఫాస్ట్ ఛార్జరు పెట్టించే ఫైలు ఏ టేబుల్ మీద నిద్రపోయిందో గానీ నేను రిటైరయ్యేదాకా లేవలేదు. అందుకని తార్నాకలో మెట్రో స్టేషనుకు దగ్గర్లో, ఒక బిల్డింగు పార్కింగులో ఉన్న పబ్లిక్ ఛార్జరే మాకు దిక్కయింది.

అక్కడి భాగోతం వాడినవాళ్లకు తెలుసు. ఛార్జరుకు బండికి తగిలించే గన్నులు రెండుంటాయి, అందులో ఒకటి ఎప్పుడూ పనిచేయదు. పనిచేసే దాని ముందు ఎవరో పెట్రోలు కారు పెట్టి షాపింగుకు పోయి ఉంటారు. వాచ్‌మన్‌ను బతిమాలి ఆ కారాయన్ని వెతికించి, బండి తీయించి, నీళ్ల బకెట్టంత బరువుండే గన్ను ఎత్తి పెడితే, ఎండకు స్క్రీను మీద అక్షరం కనపడదు. ఎనభై శాతం దాకా చకచకా ఎక్కుతుంది, ఆ పైన ముక్కుతూ మూలుగుతూ ఎక్కుతుంది. అందుకని ఎనభై కాగానే గన్ను తీసి వెనకవాళ్లకు చోటివ్వడం అక్కడి మర్యాద. ఆ సంగతి తెలియని వాళ్లు సీటు వాల్చుకుని నూరు అయ్యేదాకా పడుకుంటే, లైన్లో ఉన్న క్యాబ్ డ్రైవర్లు వచ్చి అద్దం మీద కొట్టేవారు.

ఛార్జింగ్ మొదలు కావాలంటే ఫోన్లో యాప్ ఉండాలి, యాప్‌కి అకౌంటు ఉండాలి, అకౌంటుకి మొబైల్ నంబరు ఉండాలి. మా ఆఫీసుకు ఉన్నది ల్యాండ్‌లైను, దానికి మెసేజీలు రావు. అకౌంటు తెరిచిన రోజు ఎవరి నంబరు పెట్టాలని కాసేపు తర్జనభర్జన అయింది. పెద్దసారు విసుగెత్తి, "ప్రస్తుతానికి నాది కొట్టండి, తర్వాత మార్చుకుందాం" అన్నారు. ప్రభుత్వ ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకు ఈ 'ప్రస్తుతానికి' అనే మాట ఆయుష్షు ఎంతో తెలుసు. దానికి తోడు ఆ యాప్ ఒక ఫోన్లో తెరిస్తే ఇంకో ఫోన్లో మూసుకుపోయేది. నేను వాడితే తమ్ముడి ఫోన్లో పోయేది, తమ్ముడు వాడితే నా ఫోన్లో పోయేది. మళ్లీ తెరవాలంటే ఓటీపీ కావాలి. ఆ ఓటీపీ పెద్దసారు ఫోనుకు వచ్చేది.

సారు రిటైరయ్యారు. దండ వేశాం, శాలువా కప్పాం, స్వీటూ కారా తిన్నాం, మెట్రో మెట్ల దాకా వెళ్లి సాగనంపాం. మర్నాడు తార్నాకలో ఒక చేత్తో గన్ను, ఒక చేత్తో ఫోను పట్టుకుని నిలబడ్డాక గుర్తొచ్చింది, నంబరు ఆయనదేనని. కాస్త జంకుతూనే ఫోన్ చేశాను. ఒక్క రింగుకే ఎత్తారు. ఓటీపీ అనగానే ఆయన గొంతు లేచి కూర్చుంది. ఒక్కో అంకె తెలుగులో చెప్పి, మళ్లీ ఇంగ్లీషులో చెప్పి, "కొట్టావా? పచ్చ లైటు వచ్చిందా?" అని అడిగి, వచ్చిందన్నాకే పెట్టేశారు.

అక్కణ్ణుంచి అది ఆచారమైపోయింది. సారు భార్య ఆయన రిటైర్మెంటుకు ముందే పోయారు. కూతురూ అల్లుడూ ఆయనతోనే ఉండేవారు గానీ పొద్దున పోతే రాత్రికి వచ్చే ఉద్యోగాలు వాళ్లవి. పగలంతా ఆ ఇంట్లో ఆయనకు పలకరింపు మా ఫోనే. మేం ఓటీపీ అడిగితే ఆయన షెడ్డు సంగతులు అడిగేవారు. జీపు అమ్మేశారా, ఫలానా వాడి కూతురి పెళ్లి కుదిరిందా, కొత్తగా వచ్చిన మేడం ఎలా ఉంది, ఎండలో నిలబడ్డావా నీడలో నిలబడ్డావా అని కబుర్లు సాగదీసేవారు. అంకెలు మాత్రం చివర్లో చెప్పేవారు. ఓటీపీ అప్పటిదాకా ఆగదు కదా, గడువు దాటిపోయేది. మళ్లీ తెప్పించుకునేవాళ్లం, మళ్లీ కాసిన్ని కబుర్లు నడిచేవి. తమ్ముడు తల పట్టుకునేవాడు. "అన్నా, సారు కావాల్నని చేస్తుండు. నంబర్ చేతిల వట్టుకొని ముచ్చట వెడ్తుండు" అనేవాడు. అలా అంటూనే, నా ఫోన్లో యాప్ తెరిచి ఉన్న రోజున కూడా తనది తెరిచి సారుకు ఫోన్ కొట్టేవాడు.

ఛార్జింగ్ పూర్తయితే దాని మెసేజీ కూడా ఆయనకే పోయేది. అది చూసి వెంటనే ఫోన్ చేసేవారు. "తొంభై దాటించావేంటయ్యా? బ్యాటరీ ఏమైపోవాలి? వెనకాల మనిషి ఏమైపోవాలి?" అని తిట్లు. దండ వేయించుకుని ఇంటికి పోయిన మనిషి, హబ్సిగూడలో కుర్చీలో కూర్చుని మమ్మల్ని ఏలేవారు. మాకూ బాగానే ఉండేది. తిట్టే అధికారి లేకపోతే డ్రైవరుకు పనిచేసినట్టే ఉండదు.

సారు కుర్చీలోకి వచ్చిన ఆ కొత్త మేడం చెడ్డావిడ అని రాస్తే కథకు బాగుండేదేమో గానీ అది నిజం కాదు. చదువుకున్నది, పనిమంతురాలు, డ్రైవర్లను కూర్చోబెట్టి మాట్లాడే మనిషి. ఈ ఓటీపీ ఏర్పాటు ఆవిడకు మొదట్నుంచీ నచ్చలేదు. మార్చమని రెండు మూడుసార్లు చెప్పారు. మేం తల ఊపి ఊరుకున్నాం.

అప్పుడు సారుకు కంటిలో శుక్లం ఆపరేషను వచ్చింది. ఆ రోజు ఫోను మా అమ్మాయి దగ్గర ఉంటుంది, అడిగితే చెబుతుంది అని ముందే మాకు చెప్పి పెట్టారు. ఆసుపత్రిలో ఆ అమ్మాయి ఫోను శబ్దం ఆపి సంచిలో వేసుకుంది. సరిగ్గా ఆ పొద్దున సికింద్రాబాద్ స్టేషనులో దిగే ఒక పెద్ద ప్రొఫెసరును నేను తీసుకురావాలి. బండిలో ఛార్జింగ్ అడుగంటింది. తార్నాకలో గన్ను పెట్టుకుని సారు నంబరుకు కొడుతూనే ఉన్నాను, అటు మోగుతూనే ఉంది. చివరికి ఆ ప్రొఫెసరు ఆటోలో వచ్చాడు. వచ్చినవాడు ఊరుకోకుండా సెమినారు మొదట్లోనే, మీ యూనివర్సిటీ కారు ఓటీపీ కోసం ఎదురుచూస్తోందట అని జోకు వేశాడు. హాలంతా నవ్వింది. మేడం ముందు వరసలోనే కూర్చుని ఉన్నారు.

మధ్యాహ్నం మా ఇద్దర్నీ పిలిచారు. కోప్పడలేదు. "సార్ అంటే నాకూ రెస్పెక్టే. కానీ రిటైరైన మనిషి ఫోన్ మీద ఆఫీసు నడవకూడదు కదా. రేపు ఆయనకేమైనా అయితే? ఇవాళే మార్చేద్దాం. మీరు సీనియర్, ప్రస్తుతానికి మీ నంబరు పెట్టండి" అని నాతో అన్నారు. నేనూ ఎంతో కాలం ఉండను మేడం అన్నాను. అప్పుడు చూద్దాంలెండి అన్నారు. ఆవిడ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఇప్పటికీ లేదు.

నంబరు మార్చబోతే యాప్ ఇంకో మెలిక పెట్టింది. పాత నంబరుకు ఒక ఓటీపీ పంపిస్తాను, అది కొడితేనే తీస్తాను అంది. ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. రెండు రోజులాగుదామని నేనన్నాను. మేడం తల అడ్డంగా ఊపారు. తమ్ముడు స్పీకరు పెట్టి సారుకు ఫోన్ చేశాడు. ఆపరేషను అయి అప్పుడే ఇంటికి చేరారట, కంటికి కట్టు ఉన్నా ఫోను మళ్లీ తన దగ్గర పెట్టుకున్నారు. పొద్దున ఫోను ఎత్తలేకపోయినందుకు ముందు ఆయనే నొచ్చుకున్నారు. "అమ్మాయికి చెప్పానయ్యా, మర్చిపోయింది. గెస్టు ఇబ్బంది పడ్డాడా?" అన్నారు. తర్వాత ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకున్నారు కాబోలు, ఊపిరి కూడా వినిపించింది. ఒక్కో అంకె తెలుగులో చెప్పి మళ్లీ ఇంగ్లీషులో చెప్పారు. కంటికట్టుతో అంకెలే చూసి ఉంటారు, పక్కన నంబరు మార్పుకని రాసిన మాటలు చూసి ఉండరు. "పచ్చ లైటు వచ్చిందా?" అని అడిగారు.

మేం నిలబడ్డది మేడం టేబుల్ ముందు. అక్కడ ఏ లైటూ లేదు. "వచ్చింది సార్" అన్నాడు తమ్ముడు. మేడం ఎదురుగా ఉన్న ఫైలు తెరిచి తల వంచుకున్నారు. మేం బయటికి వస్తుంటే, సార్‌కి మీరే నెమ్మదిగా చెప్పండి అన్నారు. నేను చెబుతానని తమ్ముడు అనుకున్నాడు, తమ్ముడు చెబుతాడని నేననుకున్నాను, మేమిద్దరం చెప్పి ఉంటామని మేడం అనుకున్నారు.

సారు ఒకటి రెండు రోజులు చూశారు. మెసేజీ రాలేదు, ఫోను రాలేదు. ఆయనే తమ్ముడికి ఫోన్ చేశారు. షెడ్డులో నా పక్కనే టీ తాగుతున్నాడు వాడు. బండి తీయట్లేదేమయ్యా అని సారు అడిగినట్టున్నారు. తమ్ముడు నా వైపు చూసి, గ్లాసు కింద పెట్టి, "బండి షెడ్‌లున్నది సార్. జర రిపేర్ వచ్చింది" అన్నాడు. ఫోను పెట్టేశాక, అలా ఎందుకన్నావని నేను గద్దించాను.

"మరేం జెప్పాలె అన్నా? మీ నంబర్ తీసేసినం సార్, ఆ ఓటీపీ గూడ మీ నోటితోనే చెప్పించినం అని అనాల్నా? నువ్వు జెప్తవా?"

నేను టీ తాగాను. మర్నాడు సారు నాకు చేశారు. నేనూ షెడ్డనే అన్నాను. రెండు బండ్లూనా అని అడిగారు. రెండూ సార్ అన్నాను.

తమ్ముడు ఆ మాట దయతోనే అన్నాడు. అందుకే దాన్ని ఎలా వెనక్కి తీసుకోవాలో మాకు తెలియలేదు. రిపేరుకు ఒక కారణం కావాలి, కారణానికి ఒక మెకానిక్కు కావాలి, మెకానిక్కు ఎందుకు రాలేదో చెప్పాలి. బ్యాటరీయా అని సారే అడిగారు, అవునన్నాం. వారంటీ కాగితాలు ఏ బీరువాలో పెట్టారో ఆయనే చెప్పారు, చూస్తామన్నాం. ఈ మాటలు చెబుతున్నప్పుడు ఒక్కోసారి నేను తార్నాకలో ఆ కారు సీట్లోనే కూర్చుని ఉండేవాణ్ణి. ఛార్జరు ఫ్యాను గుయ్యిమనే మోత ఆయనకు వినిపించకూడదని అద్దాలెత్తి, చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడేవాణ్ణి.

వారాలు గడిచేకొద్దీ ఆయన తిట్టడం మానేశారు. నాకు అదే భయం వేసింది. ఒక రోజు గొంతు తగ్గించి, "ఆఫీసులో ఏమనుకుంటున్నారయ్యా? నా పేరు ఎత్తుతున్నారా?" అన్నారు. లేదు సార్, ఎవరూ మీ పేరు ఎత్తడం లేదు అన్నాను. ఇందులో మాత్రం అబద్ధం లేదు. నిజంగానే ఆయన పేరు ఎవరూ ఎత్తడం లేదు. తన ముఖం చూసి అందరూ మర్యాదకు ఊరుకుంటున్నారని ఆయన అనుకున్నారు.

అది వానాకాలం. మబ్బు పట్టి, వాన పడకుండా ఉక్క పోస్తున్న పగలు. నేను తార్నాకలో బండికి గన్ను పెట్టి, పక్కనే నిలబడి వేరుశనక్కాయలు తింటున్నాను. మెట్రో మెట్లు దిగి ఒక మనిషి గొడుగు పట్టుకుని వస్తున్నాడు. ఇస్త్రీ చొక్కా, టక్కు, నల్ల బెల్టు. ఆఫీసుకు వచ్చేటప్పటి బట్టలు. పెద్దసారే. దాక్కోవడానికి చోటు లేదు. బండి దాక్కోలేదు, అది గోడకు కట్టేసినట్టు గన్నుకు వేలాడుతోంది.

ఆయన బండిని చూశారు. ఆయన ముఖం ఎలా వెలిగిందో నేను రాయలేను. దగ్గరికి వచ్చి బానెట్ మీద అరచెయ్యి ఆనించారు.

"బాగైపోయిందా? చెప్పలేదేమయ్యా నాకు?"

నా నోట్లో వేరుశనక్కాయలున్నాయి. ఆయనకు నా జవాబు అవసరం కూడా లేకపోయింది, గబగబా చెప్పుకుపోయారు. మేడం దగ్గరికి బయల్దేరారట. ఈ బండ్లు వద్దంటే పట్టుబట్టి కొనిపించింది నేనే, తప్పు నాది, మా డ్రైవర్లను ఏమీ అనకండి అని చెప్పడానికి. రాత్రంతా ఇంగ్లీషులో ఎలా మొదలుపెట్టాలా అని అనుకున్నారట. "ఇక ఆ అవసరం లేదు. బతికించావు" అని నవ్వారు. రిటైరయ్యాక ఆయన నవ్వడం నేను చూడలేదు. ఎంతయింది అని అడిగారు. అరవై సార్ అన్నాను.

మంచిది మంచిది అంటూ అలవాటుగా చొక్కా జేబులోంచి ఫోను తీశారు. చూశారు. "మరి నాకు ఓటీపీ రాలేదే" అన్నారు.

నెట్‌వర్క్ లేదని అనొచ్చు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. సారు జేబులోంచి కొత్త కళ్లద్దాలు తీసి పెట్టుకుని, బొటనవేలితో మెసేజీలు పైకి తోస్తున్నారు. ఒక దగ్గర వేలు ఆగింది. పెదవులు కదుపుతూ చదివారు, మళ్లీ మొదట్నుంచి చదివారు. ఆ పక్కన ఛార్జరు ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఆయన తలెత్తలేదు.

"అయితే నేనే ఇచ్చానన్నమాట" అన్నారు.

సార్, మేడం చెప్పారు, మేమే ఇంటికొచ్చి చెబుదామని అంటూ నేనేదో మొదలుపెట్టాను. చెయ్యి ఎత్తి ఆపారు. "మంచి పని చేశారు. దిగిపోయే ముందు నేనే మార్పించాల్సింది. మర్చిపోయాను" అన్నారు. స్టెప్నీ టైరు కొన్న రోజు కూడా గుర్తుంచుకునే మనిషి ఆయన. కళ్లద్దాలు తీసి డబ్బాలో పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. మూత సరిగా పడలేదు, నేను అందుకోబోతే ఇవ్వలేదు.

ఇంటి దగ్గర దించుతాను, ఎక్కండి సార్ అన్నాను. ఆయన బండి సీటు వైపు చూశారు. ఎక్కుతారనే అనుకున్నాను. "యూనివర్సిటీ బండయ్యా" అన్నారు, అంతే. వానలో నాతో అన్నప్పటి విసురు ఆ మాటలో లేదు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగారు.

"ఎనభైకి తీసెయ్. వెనక మనిషి ఉన్నాడు."

క్యాంపస్ వైపు వెళ్లలేదు. మళ్లీ మెట్రో వైపే నడిచారు. లిఫ్టు ఉంది, ఎక్కలేదు. మెట్ల పక్క కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టే ఎక్కడం కింద నుంచి చూస్తూ నిలబడ్డాను. వెళ్లి చెయ్యి పట్టుకోవాలనిపించింది, పట్టుకునే ముఖం నాకు లేదు. బండిలోకి వచ్చి కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. క్యాబ్ డ్రైవరు వచ్చి అద్దం మీద కొడితే చూశాను, ఎనభై ఎప్పుడో దాటిపోయింది.

ఆ తర్వాత సారు ఫోన్ చేయలేదు. పండక్కి తమ్ముడే ధైర్యం చేసి కొట్టాడు. ఒక్క రింగుకే ఎత్తారట, బాగున్నానయ్యా అన్నారట, బండి మాట ఎత్తలేదట.

మరుసటి వేసవిలో ఆయన పోయిన కబురు వచ్చింది. నిద్రలోనే పోయారన్నారు. మేడం మా ఇద్దర్నీ తీసుకుని ఆ చిన్న కారులోనే హబ్సిగూడ బయల్దేరారు. అపార్టుమెంటు గేటు ముందు ఆపాం. సారు కూతురు మమ్మల్ని ఎప్పుడూ చూడలేదు, అయినా యూనివర్సిటీ డ్రైవర్లమనగానే గుర్తుపట్టింది. ఓటీపీ కోసం ఫోన్ చేసేవాళ్లు మీరేనా అంది. నాన్న మీ మాటే చెప్పేవారంది. కళ్లు తుడుచుకుని అడిగింది:

"ఇంకా బండ్లు బాగవలేదా అండీ? ఆఫీసు ఫోన్లు రావట్లేదేం నాన్నా అంటే, బండ్లు షెడ్‌లో ఉన్నాయమ్మా, బాగయ్యాక చేస్తారు అనేవారు. మొన్నటిదాకా అదే మాట."

మేడం నా వైపు తిరిగారు. ఆవిడకు ఆ షెడ్డు సంగతి అప్పటిదాకా తెలియదు. తమ్ముడు చెప్పులు కూడా వేసుకోకుండా మెట్ల మీదికి వెళ్లిపోయాడు. మేం చెప్పిన అబద్ధాన్ని ఆయన ఇంటికి తీసుకెళ్లి దాచుకున్నారు. నా నంబరు తీసేశారు అని కన్నకూతురికి చెప్పుకోలేక, ఆ చెడిపోయిన బండ్ల వెనకే చివరిదాకా నిలబడ్డారు. తన పేరు చెప్పుకుని ఎక్కడ నవ్వుతారోనని భయపడ్డ బండ్లే అవి.

"లేదమ్మా, ఇంకా కాలేదు" అన్నాను. వేరే ఏం చెప్పను? బాల్కనీలోంచి చూస్తే గేటు ముందు బండి కనిపిస్తుందని అప్పుడు గుర్తొచ్చింది. తమ్ముడికి ఫోన్ చేసి సందు మలుపు అవతల పెట్టించాను. మేడమూ నేనూ అక్కడిదాకా నడిచే వెళ్లాం. బండి ఎక్కబోయే ముందు, నాకెవరూ ఎందుకు చెప్పలేదు అన్నారు. తర్వాత తనే, నేనూ అడగలేదులెండి అన్నారు.

మీలో కొత్తగా ఉద్యోగంలో చేరే పిల్లలూ ఉంటారు. ఏదో ఒక రోజు మీరూ ఏదో ఒక ఆఫీసులో ఎవరో ఒకరి నంబరు తీసేయాల్సి వస్తుంది. తీయండి, తప్పు లేదు, ఆఫీసు నడవాలి. కానీ మీలో ఒకరు ఆ మనిషి ఇంటికి వెళ్లి, ఎదురుగా కూర్చుని, నంబరు మారుస్తున్నాం సార్ అని చెప్పండి. తిడతారు, తిట్టించుకోండి. మాకు హబ్సిగూడ ఒక్క స్టేషను దూరం. ఆ ఒక్క స్టేషనూ మేం వెళ్లలేదు.

నేనూ రిటైరయ్యాను. నాకూ దండ వేశారు, స్వీటూ కారా పెట్టారు. నంబరు సంగతి మేడంకు గుర్తు చేశాను. మారుద్దాం, ప్రస్తుతానికి ఉండనివ్వండి అన్నారు. మెట్టుగూడలో మా ఇంట్లో పొద్దున టిఫిన్ అయ్యాక ఫోను చేతికందే చోట పెట్టుకుని కూర్చునేవాణ్ణి. తార్నాక నుంచి తమ్ముడు చేసేవాడు, అన్నా ఓటీపీ అని. ముందు షెడ్డు కబుర్లన్నీ అడిగి, ఆ తర్వాత అంకెలు చెబుతున్నానని మా ఆవిడ ఎత్తిపొడిచేదాకా నాకు తెలియలేదు. ఎనభై దాటిస్తే తిడుతున్నానని కూడా అంది.

ఈ మధ్య ఒక రోజు తమ్ముడు చేశాడు. గొంతు ఎప్పటిలా లేదు. ఓటీపీ అన్నాడు. చెప్పాను. పచ్చ లైటు వచ్చిందా అని అడిగితే, వచ్చిందన్నా అన్నాడు. ఛార్జరు ఫ్యాను చప్పుడు వినిపించలేదు. మెసేజీలో అంకెల పక్కన ఏం రాసి ఉందో కళ్లద్దాలు పెట్టుకుని చదవొచ్చు. ఇంతవరకూ చదవలేదు.

అప్పట్నుంచి ఫోను రాలేదు. నేను చేసి అడగను. అడిగితే, తమ్ముడు మంచివాడు, బండి షెడ్‌లున్నదన్నా అంటాడు.